ద్వారం వారి వయొలిన్ వినాలంటే ముందు ఆ గరగర దాటాలి.. నాయుడు గారి జీవితం, పాత ప్లేట్ల వెనక కథ ఇదీ!

చోడవరం, అనకాపల్లి జిల్లా: యూట్యూబ్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడు అని కొట్టి చూడండి. పాత గ్రామఫోన్ ప్లేట్ల నుంచి ఎక్కించిన ఆడియోలు వరసగా వస్తాయి. ప్లే నొక్కగానే మొదట వినిపించేది వయొలిన్ కాదు. పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు ఒక చప్పుడు, దాని వెనక వాన హోరు లాంటి ఇంకో చప్పుడు. ఈ రెండింటి అడుగున ఎక్కడో వయొలిన్ ఉంటుంది. రీల్స్‌కి అలవాటుపడ్డ వేలు పది సెకన్లలోనే పక్కకు జరిపేస్తుంది.

కొందరు ఓపికగా వెతికి క్లీన్ చేసిన వెర్షన్ పట్టుకుంటారు. అందులో గరగర ఉండదు. కానీ వయొలిన్ కూడా నీళ్లలో మునిగి వాయించినట్టు ఉంటుంది. మరి నాయుడు గారి అసలు నాదం ఏది? మొదటిదా, రెండోదా?

నిజానికి రెండూ కావు. ఎందుకు కావో తెలియాలంటే ముందు ఆయన ఎవరో తెలియాలి. ఆ తర్వాత ఆ ప్లేటు, ఆ సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తాయో చూడాలి.

ఇంతకీ ఎవరీ నాయుడు గారు?

1893 నవంబర్ 8. దీపావళి రోజు. బెంగళూరులో పుట్టారు వెంకటస్వామి నాయుడు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో పనిచేశారు. కుటుంబం తర్వాత విశాఖపట్నం చేరింది. పిల్లాడు పెరిగింది ఇక్కడే. అన్న వెంకటకృష్ణయ్య వయొలిన్ వాయించేవారు. తమ్ముడికి తొలి గురువు ఆయనే.

చిన్నప్పటి నుంచే చూపు మందం. బడిలో చదువు పెద్దగా సాగలేదు. వయసు పెరిగేకొద్దీ కళ్లు ఇంకా మొరాయించాయి. ఈ సంగతి చాలా వ్యాసాల్లో ఒక్క లైన్‌లో చెప్పి వదిలేస్తారు గానీ, ఆయన సంగీతానికి ఇదే తాళంచెవి అనిపిస్తుంది. కళ్లు చేయాల్సిన పని కూడా చెవులే చేశాయి. తీగ మీద వేలు ఎక్కడ ఆగిందో, కమాను ఎంత ఒత్తిడితో కదులుతోందో చెవితోనే తేల్చుకోవాల్సిన మనిషి ఆయన. అందుకే నాదం శుభ్రంగా ఉండాలన్న పట్టుదల ఆయన దగ్గర అంత బలంగా కనిపిస్తుంది. అలాంటి మనిషి వాయించింది ఇప్పుడు మనం గరగరలోంచి వినాల్సి రావడం.. ఏమనాలి దీన్ని!

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. అప్పట్లో విజయనగరం కూడా విశాఖ జిల్లాలోనే ఉండేది. వేరే జిల్లా అయ్యింది 1979లో. కాలేజీ తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడు గారి వాద్యం విని, ఏకంగా ప్రొఫెసర్‌గానే వేసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. వెళ్లిన కారణం ఏదైనా, 26 ఏళ్ల వయసులో వయొలిన్ ప్రొఫెసర్ అయిన మాట మాత్రం వాస్తవం. 1936లో ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వెళ్లింది ఈయన ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లోనే. సెలవుల్లో వచ్చిపడ్డ ఆ కుర్రాడికి కాలేజీలోనే తలదాచుకోవడానికి నాయుడు గారు వీలిచ్చారని ఘంటసాల జీవిత కథల్లో ఉంటుంది. ఆ తర్వాత ఘంటసాల తిన్న దెబ్బలు, పట్రాయని సీతారామశాస్త్రి గారి ఇంట దొరికిన చదువు.. అది వేరే పెద్ద కథ.

పక్కవాద్యం పక్కన పెట్టి..

అప్పటిదాకా కచేరీలో వయొలిన్ అంటే పక్కవాద్యమే. పాడేవాళ్లు ముందు, ఫిడేలు వెనక. గాయకుడు పాడిన సంగతిని పట్టుకుని తిరిగి పలికించడమే దాని పని. నాయుడు గారు కూడా పెద్ద పెద్ద గాయకులకు అలా సహకారం అందించినవారే. కానీ 1938లో వెల్లూరులో ఆయన ఒక్కరే వేదిక మధ్యలో కూర్చుని వయొలిన్ కచేరీ చేశారు. దక్షిణాదిలో సోలో వయొలిన్ కచేరీకి దారి వేసిన వాళ్లలో ఆయన పేరు ముందు చెబుతారు.

ఇక్కడ ఒక టెక్నికల్ సంగతి కూడా ఉంది. 1930లలోనే మైకులు కచేరీ హాళ్లలోకి వస్తున్నాయి. వయొలిన్ గొంతు చిన్నది. మైకు లేని రోజుల్లో వెనక వరసల దాకా వినిపించాలంటే కమాను గట్టిగా రాయాలి. గట్టిగా రాస్తే సున్నితం పోతుంది. మైకు వచ్చాక ఆ అవసరం తగ్గింది. నాయుడు గారి బాణీలో నిడుపాటి కమాను, మెత్తటి అంచు, పాశ్చాత్య వయొలిన్ పద్ధతి నుంచి తీసుకున్న పట్టు ఉంటాయని తెలిసినవాళ్లు అంటారు. చెవి దగ్గర చెప్పినట్టుండే ఆ వాద్యానికి మైకు సరైన తోడు.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు. 1957లో పద్మశ్రీ. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ. ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో ఒక జడ్జి గారి ఇంట్లో ఈయన వాద్యం విని ముగ్ధుడైపోయారని చెబుతారు. ఆ సాయంత్రం అక్కడ ఒక టేప్ రికార్డర్ తిరిగి ఉంటే ఎంత బాగుండేదో!

మూడు నిమిషాల ప్లేటు

ఇప్పుడు ప్లేటు సంగతికి వద్దాం. అప్పటి గ్రామఫోన్ ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. పది అంగుళాల ప్లేటులో ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. కచేరీలో ముప్పావు గంట సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లోకి కుదించాలి. తప్పు దొర్లితే మధ్యలో కోసి అతికించే వీలు లేదు. టేపు అందుబాటులోకి వచ్చింది 1940ల చివర్లో. అంతకుముందు వాయిస్తుంటే నేరుగా మైనం పళ్లెం మీద గీత పడిపోవడమే.

ప్లేటు దేనితో చేస్తారంటే, లక్కతో. అవును, గాజులకీ సీళ్లకీ వాడే లక్కే. దాన్ని ఇంగ్లిష్‌లో షెల్లాక్ అంటారు. ప్రపంచానికి లక్క ఎగుమతి చేసింది ఎక్కువగా మన దేశమే. ఒట్టి లక్క మెత్తగా అరిగిపోతుంది కాబట్టి అందులో రాతిపొడి లాంటి ఖనిజాలు కలిపేవారు. ఆ గరుకే ఉక్కు ముల్లును గీత ఆకారానికి అరగదీస్తుంది. అందుకే ఒక్కో పక్కకు ఒక్కో ముల్లు మార్చాలని చెప్పేవారు. మార్చేవాళ్లు ఎంతమంది? ఆ అరిగిన ముల్లే మళ్లీ మళ్లీ తిరిగి గీతను దున్నేసింది.

అంటే మనం వినే గరగర ఒక్కటి కాదు. రాతిపొడి వల్ల వచ్చేది నిరంతరం సాగే హోరు. గీతలు, పగుళ్లు, దుమ్ము వల్ల వచ్చేవి చిటపటలు. ఒక్కోటి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. కరెంటు పరికరాల నుంచి వచ్చేది గుయ్‌మనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది 50 దగ్గర, దాని రెట్టింపులైన 100, 150, 200 దగ్గర కూర్చుంటుంది. మూడు జబ్బులు, మూడు మందులు. అన్నిటికీ ఒకే బటన్ నొక్కితే జరిగేదే ఆ నీళ్లలో మునిగిన వయొలిన్.

శబ్దాన్ని బొమ్మగా మార్చితే..

చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఆడాసిటీ ఫ్రీగా దొరుకుతుంది. ఐజోటోప్ ఆర్‌ఎక్స్ లాంటివి డబ్బు పెట్టి కొనాలి. అన్నిటి మూలం ఒకటే. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో లెక్క కడతారు. ఆ లెక్కకు పునాది వేసింది ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ ఫూరియే. ఆయన 1822లో వేడి ఎలా పాకుతుందో వివరిస్తూ రాసిన పుస్తకంలోని గణితం ఇక్కడ శబ్దానికి పనికొచ్చింది. ఆ లెక్కను కంప్యూటర్ వేగంగా చేసే పద్ధతిని 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు ప్రచురించారు. నాయుడు గారు పోయిన మరుసటి ఏడాది అన్నమాట. ఇక చప్పుడు ఫ్రీక్వెన్సీలను శబ్దంలోంచి తీసివేసే పద్ధతిని స్టీవెన్ బోల్ 1979లో ప్రచురించారు. మాటల రికార్డింగుల కోసం చేసిన పని అది.

ఈ లెక్కను స్క్రీన్ మీద బొమ్మగా చూడొచ్చు. ఎడమ నుంచి కుడికి కాలం. కింది నుంచి పైకి ఫ్రీక్వెన్సీ. ఎక్కడ శబ్దం బలంగా ఉంటే అక్కడ వెలుగు. నిలువుగా సన్నటి గీత కనిపిస్తే అది చిటపట. అడ్డంగా కదలకుండా ఉండే గీత కరెంటు గుయ్‌మనేది. బొమ్మంతా పరుచుకున్న మంచు లాంటిది హోరు. మరి వయొలిన్? అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గీతల దొంతర. అడుగున అసలు స్వరం, పైన దాని రెట్టింపులు. గమకం వేస్తే ఆ గీతలన్నీ కలిసి అలల్లా ఊగుతాయి. కింద 20 హెర్ట్జ్ ఊగితే పదో గీత 200 హెర్ట్జ్ ఊగుతుంది. చూడటానికే ముచ్చటగా ఉంటుంది.

హోరు తీయాలంటే ముందు సాఫ్ట్‌వేర్‌కి హోరు అంటే ఏంటో చూపించాలి. ప్లేటు మొదట్లో వాద్యం మొదలవ్వకముందు ముల్లు ఖాళీ గీతలో తిరిగే ఒకటి రెండు సెకన్లు ఉంటాయి. అది సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ తీసుకోమనాలి. తర్వాత ఒక్కో ముక్కలో ఒక్కో ఫ్రీక్వెన్సీని ఆ ప్రొఫైల్‌తో పోల్చి, దానికంటే కిందున్నవాటిని తగ్గిస్తుంది. పైనున్నవాటిని వదిలేస్తుంది.

వినడానికి సులువే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఏది చప్పుడు, ఏది నాయుడు గారు?

కమాను తీగను తాకినప్పుడు ఒక సన్నటి రాపిడి వస్తుంది. గాలి కలిసినట్టుండే శబ్దం అది. కమాను కదులుతోందని, వెనక ఒక మనిషి చెయ్యి ఉందని చెవికి చెప్పేది అదే. బొమ్మలో చూస్తే అది కూడా హోరు లాగే మంచులా పరుచుకుని ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ రెండిటికీ తేడా తెలీదు. ప్లేటు హోరుతో పాటు కమాను రాపిడిని కూడా ఊడ్చేస్తుంది. మిగిలేది కీబోర్డు మీద వయొలిన్ బటన్ నొక్కినట్టుండే నాదం.

ఇంకోటి. 1930లు, 40ల నాటి ప్లేట్లలో పైస్థాయి శబ్దం సుమారు 5 వేల నుంచి 8 వేల హెర్ట్జ్ దాకానే నిలుస్తుంది. వయొలిన్ పై గీతలు ఆ అంచుకు వెళ్లేసరికి బలహీనపడి హోరులో సగం మునిగి ఉంటాయి. ఒక ముక్కలో హోరు కంటే కాస్త పైన, తర్వాతి ముక్కలో కాస్త కింద. సాఫ్ట్‌వేర్ ఒకసారి ఉంచుతుంది, ఒకసారి తీసేస్తుంది. ఫలితంగా దూరంగా పిట్టలు కిచకిచలాడినట్టు ఒక కొత్త చప్పుడు పుడుతుంది. ఇంజినీర్లు దీన్ని మ్యూజికల్ నాయిస్ అంటారు. ఉన్న చప్పుడు పోయి లేని చప్పుడు రావడమంటే ఇదే.

ముక్క ఎంత పొడవుండాలన్నది మరో తలనొప్పి. సెకనుకు 44,100 శాంపిళ్లున్న ఆడియోలో 2,048 శాంపిళ్ల ముక్క తీసుకుంటే 46 మిల్లీసెకన్లు. అప్పుడు ఫ్రీక్వెన్సీ మెట్టు దాదాపు 21 హెర్ట్జ్. మెట్టు ఇంకా సన్నగా కావాలని 8,192 తీసుకుంటే ముక్క 186 మిల్లీసెకన్లవుతుంది. సెకనుకు ఐదుసార్లు ఊగే గమకంలో ఒక ఊపు దాదాపు మొత్తం ఆ ఒక్క ముక్కలోనే ఇరుక్కుపోతుంది. ఊపు అలికేసినట్టు అవుతుంది. స్వరం నిలకడగా ఉండే సంగీతానికి సరిపోయిన సెట్టింగ్ మన సంగీతానికి పనికిరాదు. ఇంగ్లిష్ ట్యుటోరియల్ చూసి ఆ నంబర్లే కొట్టేసేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది.

మృదంగం సంగతి ఇంకా విచిత్రం. చిటపటలు తీసే టూల్ ఉన్నట్టుండి లేచి పడిపోయే శబ్దం కోసం వెతుకుతుంది. మృదంగం మీద చాపు దెబ్బ కూడా అలాగే లేస్తుంది. సెట్టింగ్ కాస్త ఎక్కువ పెడితే దెబ్బల మొనలు విరిగిపోతాయి. తాళం మెత్తబడినట్టు అనిపిస్తుంది గానీ ఎందుకో వినేవాళ్లకి అర్థం కాదు.

తంబూరా అయితే మరీ అన్యాయం. కదలకుండా, మారకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకేలా మోగడం దాని పని. నిరంతరం ఒకేలా ఉండేదాన్ని చప్పుడు అని గుర్తుపట్టడం ఈ సాఫ్ట్‌వేర్ పని. శ్రుతి మోగుతున్న చోట పొరపాటున నాయిస్ ప్రొఫైల్ తీసుకున్నామా, పాట మొత్తంలో శ్రుతి మాయం. ఫోన్‌లో కాల్స్ కోసం ఉండే నాయిస్ తగ్గించే ఫీచర్లది కూడా ఇదే వరస. మనిషి మాట ఒక్కటే అసలైనది, మిగతాదంతా చప్పుడు అని వాటికి నేర్పారు. గుడి దగ్గర నాదస్వరం వీడియో కాల్‌లో వినిపించబోతే అవతలివాళ్లకి తెగి తెగి వినిపించడం వెనక కారణం చాలాసార్లు ఇదే.

మరి చేసేదెలా?

పని తెలిసినవాళ్లు ముందు చిటపటలతో మొదలుపెడతారు. హోరు సంగతి తర్వాత చూస్తారు. చిటపటలు ఉండగా హోరు తీస్తే అవి అలుక్కుపోయి తర్వాత దొరకవు. పెద్ద పగుళ్లను చేత్తో, బొమ్మలో ఒక్కొక్కటీ గుర్తుపట్టి సరిచేస్తారు. ఒక పగులు ప్లేటు తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. నిమిషానికి 78 సార్లంటే మూడు నిమిషాల పక్కలో 234 సార్లు. చేత్తో చేసేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. కరెంటు గుయ్‌మనేదాన్ని 50, 100 దగ్గర సన్నగా కోస్తారు. పైకి వెళ్లేకొద్దీ అది వయొలిన్ స్వరం మీద పడుతుందేమో చూసుకుంటారు. హోరును మాత్రం పూర్తిగా తీయరు. ఆరేడు డెసిబెల్స్ తగ్గించి ఆగితే చెవి మిగతాది తనే సర్దుకుంటుంది.

ఆడాసిటీలో ఒక చిన్న సదుపాయం ఉంది. మిగిలిన శబ్దం బదులు, తీసేసిన శబ్దాన్ని వినిపించమని అడగొచ్చు. రెసిడ్యూ అని ఉంటుంది. అది నొక్కి వినండి. ఒట్టి హోరే వినిపిస్తే పర్లేదు. ఆ హోరులో వయొలిన్ పాట లీలగా వినిపించిందా, నాయుడు గారిని కూడా చెత్తబుట్టలో వేస్తున్నట్టే లెక్క. సెట్టింగ్ తగ్గించాలి. ఆన్‌లైన్‌లో క్లీన్ అని పెట్టేవాళ్లంతా ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే సగం బాధ తప్పేది.

అసలు సాఫ్ట్‌వేర్ దాకా రాకముందే చాలా చప్పుడు తగ్గించొచ్చు. ఎల్పీ రికార్డుల సన్నటి ముల్లు పెడితే అది 78 ప్లేటు వెడల్పు గీత అడుగున దొర్లుతుంది. మూడు రెట్లు వెడల్పైన ముల్లు కావాలి. ఆ ముల్లు గీత గోడల మీద, ముందు తిరిగిన ముళ్లు అరగదీయని చోట కూర్చుంటుంది. స్టీరియో కార్ట్రిజ్‌తో తీసి రెండు చానళ్లను కలిపేస్తే, ముల్లు పైకీ కిందికీ ఎగరడం వల్ల వచ్చిన చప్పుడు చాలావరకు రద్దవుతుంది. ఎందుకంటే ఆ ప్లేట్లలో సంగీతం పక్కకు ఊగే గీతలోనే ఉంటుంది. వేగం సంగతి కూడా చూసుకోవాలి. ప్లేటు తిరిగే వేగం ఒక్క శాతం తేడా వచ్చినా శ్రుతి జరుగుతుంది.

ఇంట్లో అటక మీద ప్లేట్లున్నాయా?

నాయుడు గారు 1964 నవంబర్ 25న కన్నుమూశారు. శత జయంతి ఏడాది 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. కుటుంబంలో తర్వాతి తరాలు, శిష్యులు ఆ బాణీని నడిపించారు. ఆయన చేతి శబ్దం మాత్రం ప్లేట్లలో, రేడియో టేపుల్లో ఉన్నంతవరకే ఉంది. కొత్తది ఇక రాదు.

అందుకే విశాఖ, విజయనగరం, చోడవరం వైపు పాత ఇళ్లలో ఎవరి అటక మీదైనా ఇలాంటి ప్లేట్లు ఉంటే రెండు మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. దుమ్ము పట్టిందని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడవొద్దు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, గీతలోని సంగీతం కూడా దాంతోపాటే పోతుంది. మెత్తటి బ్రష్షుతో దులపడం చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, పుస్తకాల్లా నిలబెట్టండి. పాత ఉక్కు ముల్లుతో సరదాకి ఒకసారి వేసి చూద్దామనుకోవద్దు. విరిగిందని పారేయొద్దు, ముక్కలు జోడించి కూడా శబ్దం తీసేవాళ్లు ఉన్నారు.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించమని అడగండి. ఏ ఫిల్టరూ వేయని మొదటి ఫైల్‌ని గరగరతో సహా అలాగే వేరేగా దాచమనండి. క్లీన్ చేయడం దాని కాపీ మీదే చేయాలి. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ కమాను రాపిడికీ ప్లేటు హోరుకీ తేడా పట్టలేకపోతోంది. పట్టగలిగేది వచ్చిన రోజున దానికి కావాల్సింది ఆ మొదటి ఫైలే.